క్యాబినెట్‌లో ఏ ఎస్‌ఎంపీఎస్ పడుతుంది? తిరుపతి, చిత్తూరు వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో తెలిసినవాళ్లకి, వాళ్ల పిల్లలకి చాలా ఏళ్లుగా సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇస్తున్నాను. యూనివర్సిటీ హాస్టల్ కుర్రాళ్లు, ఏర్పేడు వైపు చదివే పిల్లలు, చంద్రగిరిలో ఫోటో స్టూడియో నడిపేవాళ్లు, చిత్తూరు నుంచి ఫోన్ చేసే బంధువులు, అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లది తీసుకోవాలన్నా?" ఎంత పొడవుది తీసుకోవాలి అని అడిగినవాళ్లు చాలా తక్కువ. కానీ కొన్న ఎస్‌ఎంపీఎస్‌ని మళ్లీ షాపుకి పట్టుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా నేను చూసిన కారణం వాట్లు కాదు. పెట్టెలో పట్టలేదు, లేదా వైరు అందలేదు, లేదా పిన్ను కలవలేదు. అందుకే ఇక్కడ వాట్ల గురించి తక్కువ, కొలతల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్, పీఎస్‌యూ, పవర్ సప్లై ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు, ఆన్‌లైన్‌లో వెతికితే పీఎస్‌యూ అని కనిపిస్తుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని మదర్‌బోర్డుకి (ఇక్కడ బోర్డు అంటే అదే), డిస్కులకి కావాల్సిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే ఇనుప డబ్బా అది. అలాగే ఆన్‌లైన్‌లో కేస్ అని రాసి ఉండేదాన్ని మనం క్యాబినెట్ అంటాం, ఇక్కడ కూడా అలాగే రాస్తాను.

మొత్తం ఎన్ని సైజులు ఉంటాయి?

మామూలు పెద్ద క్యాబినెట్‌లో ఉండేది ఏటీఎక్స్. వెనక నుంచి చూస్తే దాని వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86. ఈ రెండూ మారవు. మారేది లోపలికి వెళ్లే పొడవు: 140 నుంచి మొదలై 150, 160, 180, బాగా ఎక్కువ వాట్లవి 200 దాటి కూడా ఉంటాయి. పెట్టె మీద ఏటీఎక్స్ అని ఉందంటే వెనక ఉన్న నాలుగు స్క్రూలు కలుస్తాయని మాత్రమే అర్థం, లోపల పడుతుందని కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం తిప్పలు తప్పుతాయి.

చిన్న క్యాబినెట్‌లకి వచ్చేది ఎస్‌ఎఫ్‌ఎక్స్. వెడల్పు 125, ఎత్తు 63.5, పొడవు 100. దాన్నే కాస్త సాగదీసి పొడవు 130 చేస్తే ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్. పొడవు పెరిగితే 120 మిల్లీమీటర్ల ఫ్యాను పడుతుంది, శబ్దం తగ్గుతుంది, అదీ దాని లాభం. పలచగా పొడుగ్గా ఉండేది టీఎఫ్‌ఎక్స్, సుమారుగా 85 వెడల్పు, 65 ఎత్తు, 175 పొడవు. పుస్తకాల్లా సన్నగా ఉండే ఆఫీసు సిస్టమ్‌లలో ఇది కనిపిస్తుంది. ఇంకా సన్నది ఫ్లెక్స్ ఏటీఎక్స్, ఎత్తు 40 చిల్లర మాత్రమే, చిన్న ఫ్యాను వేగంగా తిరుగుతుంది కాబట్టి గోల ఎక్కువ. బిల్లింగ్ కౌంటర్ల దగ్గర ఉండే చిన్న డబ్బాలు, స్టోరేజీ డబ్బాలు తప్ప ఇంట్లో దీని అవసరం దాదాపు రాదు.

నాది మైక్రో ఏటీఎక్స్ బోర్డు. మైక్రో ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కొనాలా?

వద్దు. ఈ గందరగోళం అంతా పేరు వల్ల వచ్చింది. బోర్డు సైజుకీ ఎస్‌ఎంపీఎస్ సైజుకీ ఒకే పేరు పెట్టారు గానీ అవి రెండు వేరు కొలతలు. ఏటీఎక్స్ బోర్డు 305 బై 244, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244, మినీ ఐటీఎక్స్ 170 బై 170. ఈ మూడింటికీ కావాల్సింది అదే 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసర్‌కి నాలుగో ఎనిమిదో పిన్నులు. బోర్డు ఎంత చిన్నదైనా మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌తో చక్కగా నడుస్తుంది. ఏ సైజు డబ్బా కావాలో చెప్పేది బోర్డు కాదు, క్యాబినెట్. మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్‌లలో ఎక్కువ భాగం మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌నే తీసుకుంటాయి, కాకపోతే పొడవు దగ్గర పిసినారితనం చూపిస్తాయి.

కొలత ఎలా తీసుకోవాలి?

నా విషయమే చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక ఫ్రెండ్ కోసం సప్తగిరి ఎక్కి చెన్నై వెళ్లి, కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ అంతా తిరిగి, మంచి ధరకి 750 వాట్లది ఒకటి పట్టుకొచ్చాను. పొడవు 180. రాత్రి పదింటికి ఇంటికొచ్చి క్యాబినెట్ తెరిచి పెడితే, హార్డ్ డిస్కులు పెట్టే ఇనుప గూడు అడ్డం వచ్చింది. డబ్బా లోపలికి పోయింది గానీ దాని వెనక వైర్లు దూర్చడానికి వేలు కూడా పట్టని సందు మిగిలింది. గూడు రివెట్లతో బిగించింది, విప్పడానికి లేదు. మర్నాడు మళ్లీ అదే రైలు. షాపాయన మార్చి ఇచ్చాడు, ఆయన మంచితనం, కానీ ఒక రోజు, రెండు టికెట్లు పోయాయి. ఐదు నిమిషాలు టేపు పట్టుకుని ఉంటే సరిపోయేది.

ఇంతకీ కొలత ఇలా తీయండి. క్యాబినెట్ పక్క తలుపు విప్పండి. రెండోవైపు తలుపు కూడా విప్పాలి, ఇప్పటి క్యాబినెట్‌లలో ఎస్‌ఎంపీఎస్ అడుగున, ఒక రేకు మూత లోపల ఉంటుంది, అది ఆ రెండోవైపు నుంచే కనిపిస్తుంది. వెనక గోడ లోపలి అంచు దగ్గర టేపు మొదలుపెట్టి, ముందుకి వెళ్తూ మొదట తగిలే అడ్డం దాకా కొలవండి. అడ్డం అంటే హార్డ్ డిస్క్ గూడు కావచ్చు, ముందు ఫ్యాను కావచ్చు, లిక్విడ్ కూలర్ రేడియేటర్ కావచ్చు. వచ్చిన కొలతలోంచి కనీసం 30, వీలైతే 40 మిల్లీమీటర్లు తీసేయండి. అది వైర్లు వంగడానికి కావాల్సిన జాగా. అన్ని వైర్లూ ఊడదీయగలిగే మాడ్యులర్ రకమైతే ఈ జాగా ఇంకా ముఖ్యం, ఎందుకంటే డబ్బా వెనక కనెక్టర్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. మిగిలిన అంకే మీరు కొనగలిగే పొడవు.

క్యాబినెట్ కంపెనీ "ఎస్‌ఎంపీఎస్ 160 మిల్లీమీటర్ల వరకు" అని రాసింది. అందులో వైర్ల జాగా కలిసే ఉందా?

కొందరు కలిపి రాస్తారు, కొందరు కలపరు, పేజీలో ఆ ముక్క చెప్పరు. అందుకే 160 అని ఉంటే నేను 140 లేదా 150 పొడవుది చూస్తాను. 550, 650 వాట్లలో 140 పొడవువి దండిగా దొరుకుతాయి, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఇంకొకటి, కొన్ని క్యాబినెట్‌లకి రెండు అంకెలు రాస్తారు, డిస్క్ గూడు ఉంటే ఒకటి, తీసేస్తే ఒకటి. పెద్ద అంకె చూసి మోసపోకండి, మీకు పాత హార్డ్ డిస్క్ ఉంటే ఆ గూడు కావాలి కదా.

ఎస్‌ఎఫ్‌ఎక్స్ చిన్నది కదా, పెద్ద క్యాబినెట్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మధ్యలో ఒక రేకు పలక వస్తుంది, దానికి ఎస్‌ఎఫ్‌ఎక్స్ బిగించి, పలకని ఏటీఎక్స్ స్క్రూలకి బిగిస్తారు. కొన్ని కంపెనీలు పెట్టెలోనే ఇస్తాయి. చిక్కంతా వైర్ల దగ్గర. చిన్న క్యాబినెట్ కోసం చేసింది కాబట్టి 24 పిన్నుల వైరు చాలావాటిలో 30 సెంటీమీటర్లే ఉంటుంది, పెద్ద టవర్‌లో కింద నుంచి బోర్డు దాకా అందదు. ఎక్స్‌టెన్షన్ వైర్లు కొనాలి. అదే వాట్లకి ఎస్‌ఎఫ్‌ఎక్స్ ధర కూడా ఎక్కువే. రేపు చిన్న క్యాబినెట్‌కి మారే ఆలోచన గట్టిగా ఉంటే తప్ప నేను సలహా ఇవ్వను.

మరి ఏటీఎక్స్‌ని ఎస్‌ఎఫ్‌ఎక్స్ క్యాబినెట్‌లో?

పట్టదు.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టమ్ కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు వేద్దామంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటున్నారు. మార్చొచ్చా?

ఈ ప్రశ్న ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా వస్తోంది. బెంగళూరు, చెన్నై కంపెనీలు వదిలించుకున్న డెల్, హెచ్‌పీ, లెనోవో చిన్న సిస్టమ్‌లు మన దగ్గరికి బాగా వస్తున్నాయి. చదువుకునే పిల్లలకి అవి నిజంగా మంచి బేరం, గట్టిగా ఉంటాయి. కానీ సన్నగా ఉండే రకం కొన్నవాళ్లు లోపల చూసుకోవాల్సింది రెండు విషయాలు.

మొదటిది డబ్బా ఆకారం. ఆ సన్నటి క్యాబినెట్‌లలో ఉండే ఎస్‌ఎంపీఎస్ ఆ మోడల్ కోసమే చేసింది. ఏటీఎక్స్ కాదు, చాలావాటిలో టీఎఫ్‌ఎక్స్ కూడా కాదు, స్క్రూలు, ఫ్యాను, ప్లగ్గు దిక్కు అన్నీ వేరు. ఎక్కువగా 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది. రెండోది పిన్నులు. ఈ బోర్డుల్లో చాలావాటికి 24 పిన్నుల కనెక్టరే ఉండదు. మోడల్‌ని బట్టి ఆరు, ఎనిమిది, పది, పద్నాలుగు పిన్నులు ఉంటాయి, హార్డ్ డిస్క్‌కి కరెంటు కూడా బోర్డు నుంచే వెళ్తుంది. మామూలు ఎస్‌ఎంపీఎస్‌ని వాటికి కలిపే చిన్న అడాప్టర్ వైర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, సరిగ్గా ఆ మోడల్‌ది తీసుకుంటే పనిచేస్తాయి కూడా. అయినా డబ్బా కూర్చోవడానికి లోపల చోటు ఏది? డబ్బాని బయట బల్ల మీద పెట్టి, క్యాబినెట్ తెరిచి వైర్లు లోపలికి లాగినవాళ్లని చూశాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దయచేసి ఆ పని చేయకండి.

మరి దారి లేదా అంటే ఉంది. బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు గుచ్చే స్లాట్ ఒక్కటే 75 వాట్ల దాకా ఇవ్వగలదు. విడిగా పవర్ వైరు అడగని కార్డులు కొన్ని ఉన్నాయి, ఉదాహరణకి జీటీఎక్స్ 1650లో చాలా రకాలు, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. వాటిలో సగం ఎత్తు కార్డు తీసుకుంటే సన్నటి క్యాబినెట్‌లో పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే నడిపించొచ్చు. కొనేముందు మీ మోడల్ స్లాట్ 75 వాట్లు పూర్తిగా ఇస్తుందో లేదో మాన్యువల్‌లో చూడండి, కొన్నింటిలో తక్కువకే కట్టేసి ఉంటుంది. అది చాలదు, పెద్ద కార్డే కావాలి అంటే ఆ సిస్టమ్‌ని అలాగే అమ్మేసి అసెంబుల్ చేయించుకోవడమే నయం. ఇంకా కొనకపోతే అదే కంపెనీలో టవర్ రకం వెతకండి, ఆ వెడల్పు క్యాబినెట్‌లో కాస్త మెసలడానికి చోటుంటుంది.

ఒక మాట ముఖ్యంగా. హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చే సాటా వైరు నుంచి గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు తీసే చిన్న అడాప్టర్ వైరు వంద, నూట యాభైకి దొరుకుతుంది. వద్దు. సాటా కనెక్టరు 12 వోల్టుల దగ్గర 54 వాట్లకి మించి మోయడానికి చేసింది కాదు, కార్డు ఆరు పిన్నుల మీద 75 దాకా లాగుతుంది. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక తెలుసుకునే విషయం కాదిది.

కొత్త క్యాబినెట్‌లో ఎస్‌ఎంపీఎస్ కింద పెట్టాను, ప్రాసెసర్ వైరు పైదాకా అందడం లేదు.

పాత క్యాబినెట్‌లలో ఎస్‌ఎంపీఎస్ పైన ఉండేది, ప్రాసెసర్ కనెక్టరు పక్కనే కాబట్టి పొట్టి వైరు సరిపోయేది. ఇప్పుడు కింద నుంచి బోర్డు వెనకగా తిప్పి పై మూలకి తేవాలి. మధ్య సైజు టవర్‌కి 60 నుంచి 65 సెంటీమీటర్లు ఉంటే హాయిగా సరిపోతుంది. కొనేముందు స్పెసిఫికేషన్‌లో ఈ వైరు పొడవు వెతకండి. కొన్నాక తెలిస్తే మంచి ఎక్స్‌టెన్షన్ ఒకటి తీసుకోవచ్చు, బోర్డు మీదుగా గ్రాఫిక్స్ కార్డుని ఒరుసుకుంటూ బిగుతుగా లాగొద్దు. ప్రాసెసర్ వైరు నాలుగు ప్లస్ నాలుగుగా చీలుతుంది, గ్రాఫిక్స్ వైరు ఆరు ప్లస్ రెండుగా. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దూరకపోతే బలవంతం చేయకండి, తప్పు వైరు పట్టుకున్నారని అర్థం.

ఫ్యాను పైకా, కిందికా?

క్యాబినెట్ అడుగున చిల్లులు, దుమ్ము జాలీ ఉంటే ఫ్యాను కిందికి. లేకపోతే పైకి. అడుగున చిల్లులు ఉన్నా మీరు సిస్టమ్‌ని మంచం మీదో దుప్పటి పరిచిన చాప మీదో పెడితే గాలి ఆడదు, అప్పుడు కూడా పైకే మేలు. మన ఊళ్లో మే నెలలో గది వేడి మామూలుగా ఉండదు, బైపాస్ రోడ్డు పక్క ఇళ్లకి దుమ్ము సరేసరి. నెలకోసారి ఆ జాలీ లాగి దులపండి.

పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లు కొత్తదానికి వాడొచ్చా? రెండూ మాడ్యులర్ రకమే, దూరుతున్నాయి కూడా.

వాడొద్దు. దూరుతున్నాయి కాబట్టే ప్రమాదం. బోర్డు వైపు, డిస్కు వైపు కనెక్టర్లకి ఒక ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా వైపు కొసకి ఏ ప్రమాణమూ లేదు. ఒక్కో కంపెనీ పిన్నుల వరస ఒక్కోలా పెడుతుంది, ఒకే కంపెనీలో రెండు సిరీస్‌లకి కూడా మారొచ్చు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే హార్డ్ డిస్క్ అక్కడికక్కడే పోతుంది. కొర్లగుంటలో మా ఫ్రెండ్ ఇంట్లో ఇదే జరిగింది. డబ్బా మార్చాడు, వెనకాల బిగించిన వైర్లు విప్పడం ఎందుకని పాతవే ఉంచేశాడు. స్విచ్ వేశాడు. వాళ్ల చెల్లెలి పెళ్లి ఫోటోలున్న డిస్క్ ఆ నిమిషంలో పోయింది. వేరే కాపీ లేదు. ఆ రోజు వాళ్లమ్మ ముఖం నాకింకా గుర్తుంది. డబ్బాతో పాటు వచ్చిన వైర్లే వాడండి, ఎక్కువైనవి అదే పెట్టెలో పెట్టి పెట్టె మీద మోడల్ పేరు రాసి దాచండి.

సరే, ఇంతకీ ఎన్ని వాట్లు?

లెక్క చూద్దాం. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115, బోర్డు, ర్యాము, డిస్కులు, ఫ్యాన్లు కలిపి యాభై అరవై. మొత్తం 300 దాటదు. ఆ కార్డుకి ఎన్‌విడియా చెప్పేది 550 వాట్లు, నేనూ అదే చెప్తాను. 850 అవసరం లేదు. పైగా వాట్లు పెరిగేకొద్దీ డబ్బా పొడవు కూడా పెరుగుతుంది, మళ్లీ మొదటి సమస్య దగ్గరికే వస్తారు. ఆ తేడా డబ్బుతో మంచి కంపెనీ, ఎక్కువ ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి.

క్యాబినెట్‌తో పాటు 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఫ్రీగా ఇచ్చారు, అది చాలదా?

డబ్బా పక్కన అతికించిన లేబుల్ చూడండి. 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో దాన్ని 12తో హెచ్చించండి. 16 అని ఉంటే 192 వాట్లే. పైన ఎంత పెద్ద అంకె రాసినా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఈ 12 వోల్టుల మీదే. టైపింగ్, బిల్లింగ్ పనికైతే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కి దాన్ని పెట్టకండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అంటే నాణ్యతా?

కాదు, ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు మీద బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం రావాలి. సిస్టమ్ 300 వాట్లు వాడుతుంటే గోడ నుంచి బ్రాంజ్ సుమారు 353, గోల్డ్ 333 లాగుతుంది. రోజుకి ఆరు గంటలు వాడితే నెలకి మూడున్నర యూనిట్ల తేడా. బిల్లు కోసమే అయితే గోల్డ్ అక్కర్లేదు. వేడి తక్కువ, ఫ్యాను శబ్దం తక్కువ, వాటికోసమైతే తీసుకోండి.

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక క్యాబినెట్ అద్దం తలుపు పట్టడం లేదు.

పెద్ద కార్డులకి వచ్చే 16 పిన్నుల వైరు తలుపు వైపుకి పొడుచుకు వస్తుంది. అద్దం మూయడానికి దాన్ని నొక్కితే లోపల పిన్నులు సరిగ్గా ఆనవు, ఆ చోట వేడెక్కి కనెక్టర్లు కరిగిన కార్డులు ప్రపంచమంతా చూశాం. కనెక్టరు నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా వైరు నిటారుగా ఉండాలి, ఆ తర్వాతే వంచాలి. అందుకని కొనేముందు కార్డు అంచు నుంచి తలుపు దాకా కూడా కొలవండి. ఆ జాగా లేకపోతే వెడల్పు క్యాబినెట్ తీసుకోవడమే, వేరే చిట్కాలు నమ్మకండి.

పలమనేరు దగ్గర మా పల్లెలో కరెంటు తరచూ పోతుంది. యూపీఎస్ మీద కొత్త ఎస్‌ఎంపీఎస్ ఠక్కున ఆగిపోతోంది, పాతది ఆగేది కాదు.

కొత్త మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది, అంటే గోడ నుంచి కరెంటుని ఒడిదుడుకులు లేకుండా సమంగా లాగే సర్క్యూట్. చవక యూపీఎస్‌లు, పాత ఇన్వర్టర్లు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు అలలా నున్నగా రాదు, మెట్లుమెట్లుగా వస్తుంది. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని తట్టుకోలేక ఆగిపోతాయి. ప్యూర్ సైన్‌వేవ్ అని రాసి ఉన్న యూపీఎస్‌తో ఇది తీరుతుంది. ఇంకోటి, 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, మామూలుగా 360 దాకానే. గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే అది మోయలేక కూడా ఆగిపోవచ్చు, ముందు ఆ లెక్క చూసుకోండి.

పోయిన ఎస్‌ఎంపీఎస్‌ని విప్పి చూడొచ్చా?

వద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. వారంటీ ఉంటే పంపండి, లేకపోతే మార్చండి.

షాపుకి వెళ్లేముందు ఏమేం పట్టుకెళ్లాలి?

ఫోన్‌లో నాలుగు ఫోటోలు చాలు. రెండు తలుపులూ విప్పిన క్యాబినెట్‌కి రెండువైపులా ఒక్కోటి, పాత ఎస్‌ఎంపీఎస్ లేబుల్ అంకెలు చదవడానికి వీలుగా ఒకటి, బోర్డు మీద పవర్ కనెక్టర్లు దగ్గర నుంచి ఒకటి. మొదటి ఫోటోలో వెనక గోడ నుంచి అడ్డం దాకా టేపు పట్టుకుని ఉంచండి, అంకె కనిపించాలి.